జమానతు సంతకం

ఆ రోజుల్లో మాకు అప్పు ఉండేది. ఇప్పుడు లేదా అంటే ఉంది, దానికి పది రెట్లు పెద్దది. కానీ ఇప్పటిదాన్ని హోమ్ లోన్ అంటారు కాబట్టి చుట్టాలు మర్యాదగా చూస్తారు, నాగోల్లో ఫ్లాటట కదా అని కాఫీలో చక్కెర కూడా ఎక్కువ వేస్తారు. అప్పటిది మాత్రం పర్సనల్ లోన్. ఆ మాట వినగానే ఎవరైనా సరే మనల్ని తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసి, "ఎందుకు తీసుకున్నారమ్మా?" అని అడిగేవాళ్ళు. ఎందుకు తీసుకున్నామో చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. అయినా మీరు మాటలు మోసే చుట్టాలు కారు కాబట్టి చెబుతాను. రెండు సిమెంటు ఏనుగుల్ని చూసి తీసుకున్నాం.

మా ఆయనది నల్లగొండ పక్క పల్లె, నాది గుంటూరు వైపు. పెళ్ళయిన కొత్తలో ఎల్బీనగర్ చౌరస్తాకి నాలుగు సందుల వెనక, ఒక ఇంటి పై పోర్షన్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఆయన టైల్స్ షోరూంలో సేల్స్, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫ్రంట్ ఆఫీసు. (ఫ్రంట్ ఆఫీసంటే, ఉద్యోగం గ్యారంటీయేనా అని అడిగే తల్లిదండ్రులకి నవ్వుతూ అబద్ధం చెప్పే కుర్చీ.) అలా ఉండగా మా ఆయన చిన్నాయన కొడుకు ఒక ఆదివారం కారు పట్టుకొచ్చి, హయత్‌నగర్ దాటి ఇంకా ఇంకా దాటి, ఒక ఎర్రమట్టి బీడుకి తీసుకెళ్ళాడు. "ప్రీ లాంచ్ రేటు వదినా, మళ్ళ మళ్ళ దొర్కదు" అన్నాడు. అక్కడ రోడ్డు లేదు, నీళ్ళు లేవు, కరెంటు స్తంభం లేదు. ఆర్చి ఒక్కటి ఉంది, దానికి రెండు వైపులా తొండం ఎత్తిన రెండు ఏనుగులు. మా ఆయన వద్దనే అన్నాడు, ఆ పాపం ఆయనది కాదు. ఆ ఏనుగుల మధ్యనుంచి స్కూటీ మీద ఇంటికి వస్తున్నట్టు ఊహించుకుని మురిసిపోయింది నేను. లోను తీసి, ప్లాటుకి మూడు లక్షలు అడ్వాన్సు కట్టాం. ఆ వెంచర్లో ఈ రోజు వరకూ లేచింది ఆ ఆర్చి ఒక్కటే, ఈ మధ్య ఒక ఏనుక్కి తొండం కూడా ఊడిపోయిందట. చిన్నాయన కొడుకు ఫోను మాత్రం ఎప్పుడూ స్విచ్ఛాఫే.

ఇక ప్రతినెలా అయిదో తారీఖు బ్యాంకు వాయిదా కోసం జీతంలోంచి డబ్బు కోసుకోవడం, ఆరో తారీఖు మేం పోట్లాడుకోవడం. "నీ ఏనుగులు" అని ఆయన, "మీ చిన్నాయన కొడుకు" అని నేను. ఈ పోట్లాట భరించలేక నేను మా సెంటర్లో వ్యక్తిత్వ వికాసం చెప్పే సారుని సలహా అడిగాను. ఆయన కళ్ళు మూసుకుని, "అప్పు గురించి మాట్లాడటం మానేయండి. మాటే లేకపోతే గొడవే ఉండదు" అన్నాడు. ఆ గొప్పాయనతో సొంత భార్య మాట్లాడి రెండేళ్ళయిందని నాకు తర్వాత తెలిసింది. అంటే ఆయన పద్ధతి ఆయన ఇంట్లో దివ్యంగా పనిచేస్తోందన్నమాట. అది తెలియని నేను, అదేదో మంత్రోపదేశంలాగా ఇంటికి మోసుకొచ్చి, మా ఆయన చేత ఒట్టు వేయించాను. ఇంట్లో ఎవరు అప్పు మాట ఎత్తితే ఆ రాత్రి గిన్నెలు వాళ్ళవే.

మొదటి వారం స్వర్గం. రెండో వారంనుంచి తెలిసింది, ఆ మాట దగ్గరికి పోకుండా మాట్లాడటానికి ప్రపంచంలో ఏమీ లేదని. మామిడిపళ్ళు వచ్చాయండీ అంటే ధర గుర్తొస్తుంది, ధరనుంచి అప్పు. మీ చెల్లెలు ఎలా ఉంది అంటే ఆమె పెళ్ళికి పెట్టాల్సిన కానుక, కానుకనుంచి అప్పు. చివరికి టీవీలో ఏనుగు కనబడినా ఆయన ఛానెల్ మార్చేవాడు. ఇలా వడపోసుకుంటూ పోతే మిగిలింది "అన్నం పెట్టనా", "గేటు ఏసినవా" అనే రెండు ముక్కలు. ఒకే మంచం మీద ఇద్దరం చెరో ఫోను పట్టుకుని పడుకునేవాళ్ళం. అప్పు తీరడం సంగతి దేవుడెరుగు, అది తీరేలోపల మేమిద్దరం మాట్లాడుకోవడం మర్చిపోతామేమో అని నాకు నిజంగా భయం వేసింది. ఆ భయం కూడా ఆయనకి చెప్పలేను, అందులోనూ అప్పు ఉంది కదా.

అందుకని నేను ఒక రహస్య పథకం వేశాను. కింద ఇంటావిడ, మేం ఓనరాంటీ అనేవాళ్ళం, చిట్టీలు నడిపేది. లక్ష రూపాయల చిట్టీ, ఇరవై మంది, నెలకి తలా అయిదు వేలు. డబ్బు తొందరగా కావలసినవాళ్ళు పాట పాడాలి. అంటే నాకు లక్షలో పది వేలు తగ్గించి ఇవ్వండి అని ఒకరు, పదిహేను తగ్గించండి అని ఇంకొకరు. ఎవరు ఎక్కువ నష్టపోవడానికి సిద్ధపడితే ఆ నెల చిట్టీ వాళ్ళది. ఆ తగ్గించిన సొమ్ములో ఓనరాంటీ కమీషను పోగా మిగిలింది అందరికీ పంచుతారు. మొత్తానికి అవసరంలో ఉన్నవాణ్ణి తలా ఇంత కొరుక్కుతినే పద్ధతి, టీ బిస్కెట్లతో సహా. నేను కిందికి దిగి, "ఆంటీ, మా ఆయనకి తెలియకూడదు. మా పెళ్ళిరోజుకి అప్పు తీర్చేసి ఆశ్చర్యపరచాలి" అన్నాను. ఆమె నా వంక విచిత్రంగా చూసి, "నేనెందుకు చెప్త బిడ్డా, నా నోట్ల మాట నా నోట్లనే ఉంటది" అంది. నెలకి అయిదు వేలు కావాలి కాబట్టి ఆదివారాలు మాక్ టెస్టుల డ్యూటీ వేయించుకున్నాను. ఇంట్లో మాత్రం జీతం ఇవ్వకుండా పని చేయించుకుంటున్నారని చెప్పాను. విచిత్రం ఏమిటంటే, ఆ నెలనుంచే మా ఆయనకి కూడా షోరూంలో ఆదివారాలు స్టాకు లెక్కలు మొదలయ్యాయి, ఆయనకీ పైసా ఇవ్వరట. "ఎంత దోచుకుంటరే మీ వాళ్ళు" అని ఆయన, "మీ వాళ్ళు మాత్రం" అని నేను, ఒకరి యజమానిని ఒకరు తిట్టుకుంటూ చెరో దారి పట్టేవాళ్ళం.

పెళ్ళిరోజు దగ్గరపడింది. అప్పు ఇంకా డెబ్బై వేల చిల్లర ఉంది. ఆ నెల పాట ఎలాగైనా కొట్టాలి. మామూలుగా పదిహేను, పద్ధెనిమిది వేలకి పోయే చిట్టీ, అంటే ఎనభై చేతికొస్తే బ్యాంకు మొహాన కొట్టి ఇంకా చీర కొనుక్కోవచ్చు. పాట ఆదివారం పదకొండింటికి, ఓనరాంటీ హాల్లో. డ్యూటీలో ఉన్న నేను సెంటరు మెట్లమీద నిలబడి ఫోన్లో పాడాను. ఆమె ఫోను స్పీకర్లో పెట్టకుండా చెవి దగ్గరే పెట్టుకుని నా మాట పైకి చెబుతుంది, హాల్లో ఏం జరుగుతోందో నాకు చెబుతుంది. పద్ధెనిమిది అన్నాను. "ఇంకొకలు ఇరవై అంటున్నరు బిడ్డా." ఇరవై రెండు అన్నాను. "ఇరవై మూడట." నాకు ఒళ్ళు మండింది. "ఎవరాంటీ ఆ మనిషి?" అంటే, "పేర్లు చెప్పొద్దు బిడ్డా, చిట్టి మర్యాద" అంది. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వినట్టు వినబడింది. ముప్పై దాటాక లాభమా నష్టమా అనే లెక్క ఎగిరిపోయింది. ఆ డబ్బుపిశాచి ఎవరో గానీ వాణ్ణి గెలవనివ్వకూడదు, అంతే. ముప్పై ఏడు అని వినబడగానే ముప్పై ఎనిమిది అని అరిచాను, లోపల పరీక్ష రాస్తున్న పిల్లలు తలలు తిప్పి చూశారు. "నీకే బిడ్డా" అంది ఓనరాంటీ. నేను మెట్లమీద రెండడుగులు ఎగిరాను. దిగాక గుర్తొచ్చింది, చేతికొచ్చేది అరవై రెండు వేలేనని, అప్పు దానికంటే ఎక్కువని.

ఆ సాయంత్రం మా ఆయన కూడా మొహం మాడ్చుకునే వచ్చాడు. అన్నం కలుపుతూ కలుపుతూ ఉన్నట్టుండి, "కొంతమంది ఉంటరు, ఎదుటోని అవసరం సూడరు, పైసలకు ప్రాణమిడుస్తరు" అన్నాడు. నేను వెంటనే అందుకున్నాను. "సిగ్గూ శరం ఉండవు అలాంటివాళ్ళకి. ఇంట్లో పెళ్ళాం బిడ్డలైనా ఎలా భరిస్తారో!" "గంతే మరి! మొగుడు ఎవడో గానీ ఆమెతోని ఎట్ల ఏగుతుండో!" ఆమె ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను పట్టించుకోలేదు, నా ధోరణిలో నేనున్నాను. అలా అరగంటసేపు, ఎవరో తెలియని ఆ నీచుణ్ణి ఇద్దరం కలిసి కడిగేశాం. ఆర్నెల్లలో అంత చక్కగా, అంత ఏకాభిప్రాయంతో మేం మాట్లాడుకోలేదు. ఆయన ఇంకో ముద్ద పప్పు వేయమన్నాడు. పడుకునేటప్పుడు నాకు ఆయన మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది, నా మనసులో మాట చెప్పకుండానే కనిపెట్టాడని.

మర్నాడు పొద్దున్నే ఓనరాంటీ చిట్టీల పుస్తకం, ఇంకు డబ్బీ పట్టుకుని పైకి వచ్చింది. నేను కళ్ళతో సైగలు చేస్తూనే ఉన్నాను, ఆమె పట్టించుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని మా ఆయనతో, "జర ఈడ జమానతు సంతకం పెట్టు బిడ్డా" అంది. చిట్టీ ఎత్తినవాళ్ళు మిగతా నెలలు కట్టకపోతే బాధ్యత నాది అని ఇంకొకరు హామీ సంతకం చేయాలి, అది లేనిదే డబ్బు చేతిలో పెట్టరు. ఆ సంగతి మహామేధావినైన నాకు అసలు గుర్తే లేదు. చేరేటప్పుడు జమానతుకి ఎవరి పేరు అని అడిగితే అలవాటుగా మా ఆయన పేరు చెప్పాను, రేషన్ కార్డుకి చెప్పినట్టు.

"ఎవలకు జమానతు?" అన్నాడు ఆయన.

"నీ పెండ్లానికి. ముప్పై ఎనిమిదికి పాడింది."

మా ఆయన పుస్తకం వంక, నా వంక, మళ్ళీ పుస్తకం వంక చూశాడు. "ముప్పై ఎనిమిది... గది నువ్వా?"

నేను సైగలు ఆపేశాను. "ముప్పై ఏడు అన్నది మీరా?"

"ఇద్దరూ చెప్పొద్దంటిరి" అంది ఓనరాంటీ, చాలా నొచ్చుకున్నట్టు. "మొగుడు పెండ్లానికి చెప్పకు అన్నడు, పెండ్లాం మొగునికి చెప్పకు అన్నది. నేనెట్ల చెప్త? నా మాట నేను తప్పుతనా? చెరో చెవుకు చెరో ఫోను పట్టుకోని నా చేతులు పడిపోయినయ్." హాల్లో ఉన్న మిగతావాళ్ళందరికీ తెలుసట, అందరూ మా సందువాళ్ళేగా. ఒక్కరూ నోరు విప్పలేదు. విప్పితే పాట ఆగిపోదూ! మా కాపురం పాట వెయ్యి పెరిగినప్పుడల్లా ఒక్కొక్కరి వాటా యాభై పెరుగుతుంటే, మిర్చి బజ్జీలు తెప్పించుకుని మరీ తిన్నారట. అంత సహనం గల ఇరుగుపొరుగు ఎందరికి దొరుకుతారు చెప్పండి.

మా ఆయనకి ఆదివారాలు స్టాకు లెక్కలు లేవు, ఏమీ లేవు. బైక్ ట్యాక్సీ తోలుతున్నాడు. పాట జరుగుతున్నప్పుడు ఎల్బీనగర్ సిగ్నల్ పక్కన బండి ఆపుకుని ఉంటే, వెనక కూర్చున్న పెద్దమనిషి కూడా ఆవేశపడి, "తగ్గకు తమ్మీ, ఇజ్జత్ కా సవాల్" అని భుజం తట్టాడట. ఆ పెద్దమనిషికి పెట్రోలు దండగ తప్ప ఇంకేమీ పోలేదు, అది కూడా మాదే.

ఓనరాంటీ వెళ్ళలేదు, సంతకం కావాలిగా. ఆమె ఎదురుగానే మేం పోట్లాడుకున్నాం. ఆర్నెల్లనుంచి దాచిపెట్టిందంతా బయటికి వచ్చింది. ఏనుగులు, చిన్నాయన కొడుకు, మామిడిపళ్ళు, చెల్లెలి కానుక, నేను మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో అటుకులు మాత్రమే తీసుకెళ్ళడం, ఆయన వర్షంలో తడిసి జ్వరం దాచుకోవడం. "నాకెందుకు చెప్పలే?" "ఒట్టు వేసుకున్నాంగా!" "ఏయించింది నువ్వు!" అని అరుస్తూ అరుస్తూ మధ్యలో నాకు ఏడుపొచ్చింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్ళూ ఈయన నన్ను మర్చిపోయాడనుకున్నాను. మర్చిపోవడం కాదు, నాకోసమే ఎండలో ఎవరెవరినో మోస్తున్నాడు. ఓనరాంటీ మాత్రం పుస్తకం మూయకుండా ఓపిగ్గా కూర్చుని, "అయిపోయిందా? ఇంగ సంతకం పెట్టు బిడ్డా, పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన" అంది.

ఆయన పెన్ను తీసుకున్నాడు. నా పేరు చదివి, "ఈమె కట్టకపోతే నేను కట్టాల్నా?" అని అడిగాడు. "కట్టాలె." "నేను కట్టకపోతే?" ఆమె పేజీ తిప్పి ఆయన పేరు చూపించింది. ఆయన చిట్టీకి జమానతు దగ్గర నా పేరు రాయించాడు. గుళ్ళో పెళ్ళి చేసుకున్నాం, సంతకాలు పెట్టే పని అప్పుడు రాలేదు. ఇద్దరి పేర్లూ ఒక కాగితం మీద పక్కపక్కన చేరడం అదే మొదటిసారి, అదీ ఎనభై పేజీల రూళ్ళ పుస్తకంలో. ఆయన సంతకం పెట్టాడు. ఆ రాత్రి గిన్నెలు ఎవరు తోమాలో తేలక ఇద్దరం కలిసే తోమాం.

పెళ్ళిరోజుకి అప్పు తీరలేదు. మరో మూడు నెలలు పట్టింది. ఆయన చిట్టీ ఆఖరిదాకా ఎత్తకుండా ఉంచితే దాదాపు పూర్తి లక్ష వచ్చింది, ఈ ఫ్లాటు అడ్వాన్సులో అదే మొదటి ఇటుక. ఇప్పుడు అయిదో తారీఖు వచ్చిందంటే కిటికీలు తెరిచి మరీ పోట్లాడుకుంటాం, పక్క ఫ్లాటువాళ్ళు ఏమనుకున్నా సరే. వ్యక్తిత్వ వికాసం సారు వింటే బాధపడతాడు.

కానీ ఎప్పుడైనా దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్ళి, ఆ సెంటరు ముందునుంచి మెట్రోలో పోతుంటే, కిందికి వంగి ఆ మెట్లు చూస్తాను. ముప్పై ఎనిమిది అని అరిచి, చున్నీ జారిపోతున్నా పట్టించుకోకుండా ఎగిరి గంతేసిన ఆ పిచ్చిది ఇంకా అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. తను ఓడించింది మొగుణ్ణేనని దానికి తెలియదు పాపం. తెలిసినా ఎగిరే ఉండేది.