మునెమ్మ ఒక్కపొద్దు

2022 జూన్. వేలూరులో ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా నాకది పదకొండో ఏడు. గుడియాత్తంలో బీడీలు చుట్టే మునెమ్మను భర్త గోవిందు తీసుకొచ్చాడు. నలభై ఆరేళ్ళు, షుగరుకు మాత్ర వేసుకుంటోంది. పొద్దున చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ లేచేది మధ్యాహ్నం అన్నానికే.

వ్యాయామం మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపింది. “మాయమ్మకు షుగరుతోనే కాలు తీసేసినారు. అది రగతంలోనే ఉండాదమ్మా. నేను లేసి కూసుంటే పోతాదా?”

ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తలరాతతో పోట్లాడటమే నా ఉద్యోగంలో సగం. అందుకే విడమరిచి చెప్పాను. కదిలే కండ ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. ఆ తర్వాత కూడా గంటల తరబడి దాని ఆకలి తీరదు. అమ్మ ఇచ్చిన జన్యువులు మారవు. కానీ వాటిలో ఏది పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పే రసాయన గుర్తులుంటాయి. వాటి సంగతి చెప్పేదే ఎపిజెనెటిక్స్. వ్యాయామం కండలో ఆ గుర్తుల్ని కొంత మార్చగలదు. మీ అమ్మ కాలు వేరు, నీ కాలు వేరు అక్కా అన్నాను. ఆమె కళ్ళు నిండాయి.

కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మడమలెత్తడం, నడక నేర్పాను. ఒక్కరోజు మానినా ఒప్పుకోనని బెదిరించాను.

మూడు నెలల్లో షుగరు దిగింది, తొడలు గట్టిపడ్డాయి. నేను పొంగిపోయాను. మాత్ర తగ్గించాలేమో డాక్టరును అడుగుదామని మాత్రం తోచలేదు.

అంతలో, సెప్టెంబరు నడుమ, తమిళుల పెరటాసి నెల వచ్చింది. ఆ శనివారాలు మన ఇళ్ళలో ఒక్కపొద్దు. మధ్యాహ్నం దేవుడికి తళిగ వేసి, ఆ నైవేద్యం తీసేదాకా మంచినీళ్ళే. మూడో శనివారం మునెమ్మ డాక్టరు చెప్పాడని మాత్ర వేసుకుంది, నేను చెప్పానని వ్యాయామం చేసింది, దేవుడికి మొక్కుకుంది గనుక ఏమీ తినలేదు. ముగ్గురి మాటా నిలబెట్టింది. తళిగ వేళకు పిలిస్తే పలకలేదు. ఒక్కపొద్దు నీరసమనుకుని, పడుకోనీ అని ఇంట్లోవాళ్ళు దుప్పటి కప్పారు. సాయంత్రం ఆసుపత్రికి చేర్చేసరికి రక్తంలో చక్కెర అడుగంటింది. దీన్ని హైపోగ్లైసీమియా అంటారు. ఎక్కువసేపు అలాగే ఉంటే మెదడు దెబ్బతింటుంది.

ప్రాణం దక్కింది. రెండు నెలల తర్వాత గోవిందు ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె నన్ను గుర్తుపట్టలేదు, అతన్నీ గుర్తుపట్టదట. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

“మీరు చెప్పింది ఒకనాడూ మానలేదమ్మా. కాళ్ళు బాగుండాయి. యాడికి పోవాల్నో దానికి తెలీదు,” అన్నాడు.

ఇప్పుడు ఎవరొచ్చినా, కాలు కదపమనే ముందు ఏ రోజు ఒక్కపొద్దుంటారని అడుగుతాను. మందుల చీటీ చూసి డాక్టరుతో మాట్లాడతాను. పట్టుమని పది నిమిషాలు పట్టని పని. మునెమ్మ విషయంలో తెలియక జరిగిందని తోటివాళ్ళు నన్ను ఓదారుస్తారు. ఆ శనివారం నేనూ ఒక్కపొద్దే ఉన్నాను.