నల్లా నీళ్ళూ మా అన్న ఛత్రీ

చిన్నప్పుడెప్పుడో మా అన్న ఇంటి మీది అల్యూమినియం యాంటెన్నా రెండుసార్లు తిప్పి టీవీలో బొమ్మ రప్పించాడు. ఆఫీసులో గుమస్తాగా రిటైరయ్యాక కూడా ఆ ఘనత మా మీద రుద్దుతూనే ఉన్నాడు. అందుకే అల్వాల్‌లో మా డాబా మీది డిష్ ఛత్రీ తుప్పు పట్టి చిల్లులు పడితే, రెజిమెంటల్ బజార్‌కు వెళ్ళి కొత్తది కొన్నాడు గానీ, బిగించే మనిషిని పంపిస్తానని కొట్టాయన అంటే వద్దన్నాడు. "నాకు నేర్పుతడా వాడు?" అట.

అమ్మకు తుంటి విరిగి మూడు నెలలైంది. చర్చికి వెళ్ళలేకపోతోంది. ఆదివారం తొమ్మిదింటికి టీవీలో వచ్చే ఆరాధనే ఇప్పుడు ఆమెకు చర్చి. దానికీ తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ ఆదివారమూ అలాగే కూర్చుంది. ఎదురుగా నల్లటి తెర.

పైనుంచి అన్న కేక వేశాడు. "వచ్చిందా?"

నేను నోరు తెరిచేలోపే పక్కింటావిడ జవాబిచ్చింది. "రాలేదన్నా!"

మా వీధిలో డాబా మీంచి ఎవరైనా "వచ్చిందా" అన్నారంటే నల్లా నీళ్ళ గురించే. అన్న ఛత్రీ కాస్త తిప్పాడు.

"ఇప్పుడు?"

"వచ్చింది, జెర సన్నగ వస్తుంది!"

బొమ్మ సన్నగా వస్తుందట! మా మేధావికి అనుమానమైనా రాలేదు. ఇంకాస్త తిప్పాడు.

"ఇప్పుడు మస్తు వస్తుందన్నా!"

ఇంకేం, బోల్టులు బిగించి, చేతులు దులుపుకుంటూ దిగొచ్చాడు. తెర చూసి నా మీద ఎగిరాడు. "మస్తు వస్తుందంటివి గదనే!"

అన్నది నేను కాదని చెబితే సరిపోయేది. చెప్పలేదు. అంత తెలిసినవాడు చెల్లెలి గొంతు పోల్చుకోలేడా, ఎండలో ఇంకాసేపు ఏడవనీ అనుకున్నాను.

"నువ్వే సక్కగ తిప్పలే. మళ్ళ పో," అన్నాను.

పదవుతుండగా, గుడ్డి అదృష్టం కొద్దీ, బొమ్మ వచ్చింది. ఆరాధన ముగింపుకొచ్చింది. అయ్యగారు దీవెన ఇవ్వడానికి చేతులెత్తారు. అమ్మ గబగబా కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"వచ్చిందా?" పైనుంచి అన్న.

అరవబోయాను. అమ్మ కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి నన్ను వారించింది.

"పోయిందన్నా! బందయింది!" అంది పక్కింటావిడ.

అన్న తిప్పాడు. తెర నల్లబడింది.

అమ్మ కొంగు తియ్యలేదు, కళ్ళు తెరవలేదు. "అయ్యగారు ఆగిండేందే?" అంది మెల్లగా. పైన అన్న ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. ఆ దీవెన పోగొట్టింది నేనే.