సోడా కలపని సారాయి

ఆ రోజుల్లో మదరాసులో మద్యనిషేధం ఎంత గట్టిగా ఉండేదంటే, కుర్రాళ్లకు తాగాలన్న కోరిక తాగేవాళ్లను చూసి కాక పోలీసులను చూసి పుట్టేది. నాకూ పుట్టింది. నిజానికి పుట్టకూడని ఇల్లు మాది. మా నాయన తాగి తాగి, కాలేయం చెడి, నాకు పదహారేళ్లప్పుడే పోయాడు. ఆ వాసన కూడా చూడనని అమ్మ చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. నాలుగేళ్లు నిలబెట్టుకున్నాను కూడా. జార్జి టౌనులో ఒక కాగితాల కొట్టులో గుమాస్తాగా చేరాక, పెద్దవాణ్ణయ్యానన్న భ్రమ కలిగి, ఒక ఆదివారం మధ్యాహ్నం పెరంబూరుకు రైలెక్కాను.

అక్కడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే నా స్నేహితుణ్ణి అందరూ బాయిలర్ అనేవారు (మాటకు ముందు బీడీ పొగ వచ్చేది). వాడు తన గది తలుపు గడియ పెట్టి కొబ్బరినూనె సీసా తీశాడు. లోపల నాటుసారాయి. సోడా ఏదిరా అన్నాను. గోళీ కొడితే ఆ చప్పుడుకు క్వార్టర్సు మొత్తం వచ్చి వాలుతుందన్నాడు. పోనీ నీళ్లయినా అన్నాను. నీళ్లు కలిపితే సరుకు రెండింతలవుతుంది, పట్టుబడితే శిక్షా రెండింతలవుతుందన్నాడు. చట్టం తెలిసినవాడు కదా అని నమ్మి, పచ్చిసారాయి నోటినిండా పోసుకున్నాను. మింగడానికి ధైర్యం చాలక, ఉమ్మడానికి పరువు అడ్డొచ్చి, చాలాసేపు పుక్కిట పట్టాను. అదే నా కొంప ముంచింది.

మర్నాటికి నాలుక, చిగుళ్లు, బుగ్గల లోపల అంతా పొక్కిపోయింది. ఎండలో తిరిగి వేడిచేసిందని అమ్మకు చెప్పాను. కాదనలేదు. నోటిపూతకు మంచిదని మణత్తక్కాళి కీర (మన కామంచి ఆకు) కొబ్బరిపాలలో ఉడికించి పెట్టింది. పుండ్లకు వెన్న రాసింది. నాతోపాటు తనూ చప్పటి మజ్జిగన్నమే తింది. మూడు రోజులు ఎండను తిట్టిపోసింది. తిట్టినప్పుడల్లా నేను ఔనని తల ఊపాను. అంత సిగ్గులేనితనం నాలో ఉందని నాకే తెలియదు.

నాలుగో రోజు నా అన్నంలో పులుసు పోస్తూ, మొహం చూడకుండా అంది.

"మీ నాయన కూడా మొదట్లో ఈడనే కూర్చోని వెన్న రాపించుకునేవారు. పోను పోను ఆయనకి మంట తెలీకుండా పోయె. నీకింకా మండతా ఉండాది. నాకు అది చాలురా."

నాకు ఏడుపొచ్చింది. పులుసు కారంగా ఉందన్నాను. అదీ నమ్మినట్టే, మజ్జిగ తేవడానికి లేచింది.

ఆ తర్వాత జన్మలో ముట్టలేదని రాయాలని ఉంది. కాని ఇన్నేళ్లలో రెండుసార్లు ముట్టాను. రెండుసార్లూ మండింది. మండినందుకు లోలోపల సంతోషించిన తాగుబోతు ఈ ఊళ్లో నేనొక్కణ్ణేనేమో.