కాకపోతే మేడమ్

ఇంట్లో వదిన, వార్డులో మేడమ్. నేను ఈ ఆసుపత్రిలో నర్సుగా చేరిన రోజే మా అన్నయ్య భార్య పెట్టిన షరతిది. "అక్కడ నాకు ఆడపడుచు లేదు, నీకు వదిన లేదు. బుద్ధిగా పని చేసుకో" అంది. ముక్కు మీద కోపం ఉన్నదాన్నే అయినా పదకొండేళ్లుగా ఆ షరతు తప్పలేదు. వార్డులో ఆమె ఎంత విసుక్కున్నా "సరే మేడమ్" అనే అన్నాను. ఇంటికొచ్చాక వడ్డీతో సహా తీర్చుకున్నాను లెండి.

ఆమె జనరల్ మెడిసిన్ డాక్టరు. జ్వరాలు, బీపీలు, ఆయాసాలు చూస్తుంది. పేపర్లో ఫొటో పడే రకం కాదు. తెల్లకోటు జేబులో అట్ట చిరిగిన చిన్న నోటుపుస్తకం, పొట్టి పెన్సిలు ఎప్పుడూ ఉంటాయి. కేస్ షీట్‌లో అందరిలాగే జబ్బు పేరు పెన్నుతో రాస్తుంది. తర్వాత నోటుపుస్తకంలో అదే పేరు పెన్సిలుతో రాసి, కింద "ఇది కాకపోతే?" అని పెట్టుకుంటుంది. ఆ ప్రశ్న కింద ఏదో ఒకటి రాసేదాకా మంచం దగ్గర నుంచి కదలదు. అందుకే జూనియర్ డాక్టర్లు చాటుగా "కాకపోతే మేడమ్" అని పేరు పెట్టారు. నా చెవిన పడిందా, వాళ్ల పని అయిపోయినట్టే.

ఈ అలవాటు ఎక్కడిదని ఒకసారి ఇంట్లో అడిగాను.

"చేరిన కొత్తలో ఒకాయనకి గ్యాస్ నొప్పి అని రాశాను. నా ముందు డాక్టరు రాశాడని నేనూ రాసేశాను. అది గుండెపోటు. మనిషి బతికాడు గానీ మళ్లీ మెట్లెక్కలేకపోయాడు" అని చెప్పి, బీన్స్ తరగడంలో పడిపోయింది.

ఇక దర్జీ సంగతి. యాభై రెండేళ్ల మనిషి. ఒక ఉదయం కూతురు ఆటోలో తీసుకొచ్చింది. రెండు రోజులుగా వాంతులు, కడుపునొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరగడం. బీపీ ఎనభై. వివరాలు రాసుకున్నది నేనే. "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాను. "ఏమీ లేవమ్మా" అన్నాడు. "మందులేవీ లేవు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

పెద్ద సర్జన్ వచ్చి కడుపు నొక్కి చూశారు. స్కానింగ్‌లో ఏదీ తేలలేదు గానీ, అపెండిక్స్ పగిలి ఉంటుందని పదకొండింటికి థియేటర్ సిద్ధం చేయమన్నారు. హస్తవాసి మంచిదే, కానీ ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఈలోగా బీపీ పెంచమని మా వార్డుకు పంపారు. రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించినా బీపీ ఎనభై దగ్గరే మొరాయించింది.

వదిన వచ్చి అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది. చర్మం ఉల్లిపొరలా ఉంది. నేను సూది గుచ్చిన చోటే కాదు, ముంజేతి పొడవునా నీలం మచ్చలున్నాయి. రక్తంలో ఉప్పూ తక్కువే, చక్కెరా తక్కువే. నోటుపుస్తకం తీసి "ఇది కాకపోతే?" అని రాసి ఆగింది. నేను రాసిన కాగితం మళ్లీ చదివింది. తర్వాత వంగి, "మందులు వాడట్లేదు, సరే. ఈ మధ్య ఏమైనా మానేశారా?" అని అడిగింది.

జవాబు కూతురు చెప్పింది. "మోకాళ్ల నొప్పులకి షాపువాడిచ్చిన మాత్రలు రెండేళ్లు మింగాడండీ. మిషన్ తొక్కాలి కదా. కిడ్నీలు పోతాయని నేనే పోట్లాడి మాన్పించాను. పది రోజులైంది."

ఇంటికి ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఆ మాత్రల ఖాళీ అట్ట ఫొటో పంపింది. స్టెరాయిడ్. రెండేళ్లు బయటినుంచి అందేసరికి ఒళ్లు సొంతంగా దాన్ని తయారుచేసుకోవడం మానేసింది. మాత్ర ఒక్కసారిగా ఆగేసరికి చేతులెత్తేసింది.

ఆపరేషన్ ఆపమని వదిన కబురు పెడితే సర్జన్ విసవిసా వచ్చారు. "ఆలస్యం అమృతం విషం అంటారమ్మా! లోపల పగిలి ఉంటే ఎవరిది బాధ్యత?"

"నాదే సార్. రెండు గంటలివ్వండి. యాంటీబయాటిక్ నడుస్తూనే ఉంటుంది. మీ మాటే నిజమైనా ముందు స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇవ్వకుండా మత్తిస్తే అతను తట్టుకోలేడు. నేను తప్పైతే రెండు గంటలు పోతాయి. మీరు తప్పైతే మనిషే పోతాడు."

ఆయన గడియారం చూసుకుని, "రెండే" అని వెళ్లిపోయారు.

ఒంట్లో సొంత స్టెరాయిడ్ ఎంతుందో తేల్చడానికి వదిన ముందు రక్తం తీయించింది. దాని రిపోర్టు మర్నాటికి గానీ రాదు. అందుకోసం కూర్చుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే కాబట్టి వెంటనే ఇంజక్షన్ ఇప్పించింది. కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చుంది.

అరగంటకి ఎనభై రెండు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మందులేవీ లేవు" అని రాసిన చేత్తోనే బీపీ పట్టీ చుడుతున్నాను మరి. గంటకి తొంభై. వదిన పెన్సిలు చివర కొరుకుతోంది. గంటన్నర దాటాక నూట నాలుగు. దర్జీ కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాడు. సర్జన్ వచ్చి కడుపు నొక్కారు, మళ్లీ నొక్కారు. మెత్తగా ఉంది. థియేటర్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పి, "బాగా పట్టావమ్మా" అన్నారు.

"నాన్నని నేనే చంపుకునేదాన్ని" అని కూతురు ఏడ్చింది.

"మాన్పించాలనుకోవడం తప్పు కాదమ్మా. మెల్లగా తగ్గించాలని నీకు చెప్పినవాళ్లు లేరు, అంతే. ఇప్పుడు నేను చెప్తా, రాసుకో" అంది వదిన.

నేనూ తప్పు ఒప్పుకోబోయాను. "నువ్వు అడగాల్సింది అడిగావు, అతను నిజమే చెప్పాడు. ఫారంలోనే ఆ రెండో ప్రశ్న లేదు" అని ఊరుకుంది. ఆ రోజు నుంచి ప్రతి ఫారం మీదా ఆ ప్రశ్న నా చేత్తో రాస్తున్నాను.

మర్నాడు వచ్చిన రిపోర్టూ వదిన మాటే చెప్పింది. వారానికి దర్జీ తన కాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు. సంచీ సర్దుతూ కూతురు నన్నడిగింది, "ఆ డాక్టరుగారు మీకు బాగా తెలుసా సిస్టర్?"

గర్వం గొంతుదాకా వచ్చేసింది. పదకొండేళ్ల షరతు గంగలో కలిసింది. "తెలియడమేంటి? మా వదిన!" అన్నాను, వార్డంతా వినేలా.

పక్క మంచం దగ్గర పెన్సిలు ఆగింది. వదిన కళ్లజోడు మీంచి నావైపు చూసింది.

"సిస్టర్, ఏడో మంచం బీపీ చూశారా?"

"చూశాను మేడమ్."