మూరన్నర సందు

మున్సిపల్ ఆఫీసు మెట్ల కింద ఆయన బల్లా, నా జిరాక్సు మిషనూ పక్కపక్కన పడి పాతికేళ్ళయింది. ఆయన అర్జీలు రాస్తాడు, నేను వాటికి కాపీలు తీస్తాను. ఆయన చెవిన పడే ప్రతి మాటా నా చెవినా పడుతుంది కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకుందనే నా నమ్మకం. ఆయన నమ్మకం వేరు.

అందరూ ఆయన్ని అర్జీలన్నయ్య అంటారు. కుళాయి రాకపోయినా, పెన్షన్ ఆగిపోయినా జనం ముందు ఆయన ఎదుట స్టూలు మీదే కూచుంటారు. ఎవరొచ్చినా మూడే ప్రశ్నలు వేస్తాడు. ఏం జరిగింది, దానివల్ల మీకేం పోతోంది, ఇప్పుడు మీకేం కావాలి. అడిగేసి కళ్ళు మూసుకుంటాడు. చెప్పేవాళ్ళు ఏడ్చినా, తిట్టినా, ఎప్పుడో జరిగిన పెళ్ళి దగ్గర్నుంచి మొదలుపెట్టినా మధ్యలో అడ్డురాడు. ఆ తర్వాత కలం పట్టాడంటే ఒక్క కొట్టివేత లేకుండా రెండు పేజీలు. అవతలివాడు ఏం జవాబు చెప్పగలడో ముందే ఊహించి, దానికి కూడా అందులోనే గడియ పెట్టేస్తాడు. ఆ గడియలంటే ఆయనకి మహా గర్వం.

"ఈ వినడమేదో ఇంట్లో కూడా కాస్త విన్నా బాగుండును," అంటుంది ఆయన భార్య, మా వదిన.

వాళ్ళ ఇల్లంటే ముందుగది, వంటగది, వెనక చిన్న పెరడు. ఒక్కతే అమ్మాయి, ఆస్పత్రిలో నర్సు. రెండేళ్ళుగా రాత్రి డ్యూటీలు. పగలంతా ఇల్లు ఆ పిల్ల నిద్ర చుట్టూ మునివేళ్ళ మీద నడుస్తుంది. కుక్కరు కూత వేసేలోగా వదిన పరిగెత్తి స్టవ్వు కట్టేస్తుంది, అందుకని ఆ ఇంట్లో ఏదీ పూర్తిగా ఉడకదు. అన్నయ్య తుమ్ము వస్తే వీధిలోకి వెళ్ళి తుమ్మి వస్తాడు. అయినా పిల్లకి నిద్ర చాలదు. ఓ పొద్దున బస్సులో నిలబడే కునికి, దిగాల్సిన చోటు దాటి చివరి స్టాపుదాకా వెళ్ళింది. మర్నాడు, "నాన్నా, నిన్న మందు సీసా మీద పేరు మూడుసార్లు చదివితే గాని అర్థం కాలేదు," అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ మాటతో అన్నయ్య పెరట్లో ఆ పిల్లకో గది వెయ్యాలని నిశ్చయించుకున్నాడు.

పక్కింటికీ వీళ్ళకీ మధ్య ఉమ్మడి గోడ ఉంది, మనిషెత్తు. దాన్నే పైకి లేపి గదికి ఒక వైపు చేసుకుంటే మంచం, బీరువా రెండూ పడతాయి. ఉమ్మడిది కాబట్టి పక్కింటివాళ్ళు ఒప్పుకోవాలి. ఆ పక్కిల్లు రఫ్ఫక్కది.

రఫ్ఫక్క బట్టలకి రఫ్ఫు చేస్తుంది. ఎలుక కొరికిన శాలువా ఇచ్చినా సరే, అదే గుడ్డ అంచులోంచి దారాలు లాగి, చిరుగెక్కడుందో సొంతదారుకే తెలియకుండా కలిపేస్తుంది. ఒంటరి మనిషి, ఆ సూదే ఆధారం. నోరు మాత్రం కత్తెర. గది మాట ఎత్తగానే "కుదరదు" అంది. ఎందుకని అన్నయ్య అడగలేదు.

"గోడలో సగం నాదే అక్కయ్యా," అన్నాడు.

"అయితే నీ సగం లేపుకో. నా సగం కిందే ఉండనీ."

ఏడాదిపాటు గోడకి అటొకరు ఇటొకరు నిలబడి పోట్లాడుకున్నారు. అదీ, పిల్ల పడుకుని ఉంటుంది కాబట్టి, గుసగుసగా. గుసగుసలో అంత కోపం పడుతుందని నాకప్పటిదాకా తెలీదు.

చివరికి అన్నయ్య మొండికేసి గుమ్మం ముందు ఇటుకలు దింపించాడు. మర్నాడు పదకొండింటికి రఫ్ఫక్క వచ్చి ఆయన ముందు స్టూలు మీద కూచుంది.

"అర్జీ రాయాలి."

"ఎవరి మీద?"

"నీ మీదే తమ్ముడూ."

నా మిషన్లో కాగితం ఇరుక్కుంది.

అన్నయ్య తన బోర్డు వైపు చూసుకున్నాడు. 'ఎవరికైనా, ఏ అర్జీ అయినా' అని తనే రాయించుకున్న బోర్డు. "గేటు దగ్గర ఇంకొకాయన ఉన్నాడు కదా," అన్నాడు నీరసంగా.

"వాడా. మొన్నొకాయనకి రాసిపెడుతూ ఆయన ఇంటిపేరే మార్చేశాడు. నీ మీద పెట్టాలంటే వాడి చెయ్యి చాలదు."

పొగడ్త దగ్గర మా అన్నయ్య మెత్తటి మనిషి. కలం మూత తీశాడు, మూడు ప్రశ్నలూ వేశాడు, కళ్ళు మూసుకున్నాడు.

"ఏం జరిగిందో నీకు తెలుసు," అంది రఫ్ఫక్క. "పోయేది వెలుతురు. నా కిటికీ ఆ గోడ వైపే. దీపం కింద నలుపూ, ముదురు నీలమూ ఒకేలా ఉంటాయి నాకు. పది నుంచి మూడు దాకా ఆ గోడ మీంచి వచ్చే వెలుగులోనే నా పనంతా. నువ్వు గోడ లేపితే నేను సూది పక్కన పెట్టి, ఇదిగో, నీ పక్కన ఇంకో బల్ల వేసుకోవాలి."

"ఇప్పుడు ఏం కావాలి?"

"ఆ వెలుగు నాకుండాలి. గదితో నాకేం పేచీ."

ఆయన కళ్ళు తెరవడం మామూలుకంటే ఆలస్యమైంది. అప్పుడే కలం మూత పెట్టి, "పద అక్కయ్యా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అని ఉంటే నేనిక్కడ చెప్పడానికేమీ ఉండేది కాదు. కానీ ఎదుట తెల్లకాగితం, చేతిలో కలం, పక్కన నేను. రాశాడు. వెలుతురు గురించి ఎంత బాగా రాశాడంటే నాకు కళ్ళు చెమర్చాయి. "ప్రతివాది తన కుమార్తె నిద్రను కారణంగా చూపవచ్చును, అయితే ఒకరి విశ్రాంతికై మరొకరి జీవనాధారాన్ని తొలగించుట న్యాయం కాజాలదు" అని గడియ కూడా పెట్టాడు. చివర, పాతికేళ్ళ అలవాటు కొద్దీ, "నిర్మాణమును వెంటనే నిలిపివేయవలసిందిగా ప్రార్థన" అన్నాడు. ఆవిడ అడిగింది అది కాదని నాకు తెలుసు. తెలిసీ మూడు కాపీలు తీసి ఊరుకున్నాను. ఇందులో నా వంతు అదీ.

పదో రోజున నోటీసు వచ్చింది. పని ఆపాలి, ఇరవై ఒక్క రోజుల్లో జవాబివ్వాలి. అర్జీని టైపు చేయించి జతపరిచారు కాబట్టి దస్తూరీ కనపడలేదు. అన్నయ్య భోజనం చేస్తుంటే వదిన దాన్ని రెండుసార్లు చదివింది.

"ఎవడో గాని చెయ్యి తిరిగినవాడు. పిల్ల నిద్రని కూడా వదల్లేదు. ఆ చెయ్యి అన్నంలోకి వెళ్ళకుండా పోను," అంది.

అప్పటికి ఆ చెయ్యి అన్నంలోనే ఉంది. వదిన దానికి ఇంకాస్త కూర వడ్డించి, "ఊరందరికీ రాస్తారు కదా, ఒకటి మనకీ రాయండి," అంది.

ఆ ఇరవై ఒక్క రోజులూ ఆయన్ని చూస్తే జాలేసింది. రాయడం, చించడం. పిల్ల నిద్ర అని మొదలుపెడితే అక్కడ తన గడియే. గోడలో తన సగం అని మొదలుపెడితే అక్కడా తన గడియే. "వెధవ, ఒక్క కిటికీ కూడా వదల్లేదు," అనేవాడు, ఎవర్నో అన్నట్టు. ఇంటికెళ్తే ఇటుకల పక్కనుంచి ఒంటిని పక్కకి తిప్పి దూరాలి. పిల్ల వంటగదిలో చాప వేసుకుని, కళ్ళ మీద తడితువ్వాలు కప్పుకుని పడుకునేది. భార్యకి చెప్పలేడు, రఫ్ఫక్కతో గొడవ పడలేడు, నాతో మొర పెట్టుకుంటే నేను నవ్వుతాను. చివరికి జవాబు లేకుండానే విచారణకి వెళ్ళాడు, వదిన కూడా వెంట వచ్చింది.

కాపీలు పట్టుకుని గుమ్మం దగ్గర నేనూ ఉన్నాను. ఆఫీసరమ్మ అసలు అర్జీ తీసి చదివి, "చాలా బాగా రాయించారమ్మా. ఎవరు రాశారు?" అంది.

"ఈయనే," అంది రఫ్ఫక్క, వేలు పెట్టి చూపించి.

"ఈయన ప్రతివాది కదా."

"అయితే ఏంటమ్మా. రాసేది ఈయనేగా."

వదిన మెల్లగా ఆయన వైపు తిరిగింది. "మీరా?"

"వచ్చిన మనిషికి రాయనని ఎలా అంటానే," అన్నాడు అన్నయ్య, చేతులు బల్ల కింద దాచుకుంటూ.

వదిన ఆయన్ని వదిలేసి, "అక్కా, పోయిపోయి ఈయన దగ్గరికే ఎందుకెళ్ళావు?" అంది.

"గోడ దగ్గర ఏడాది చెప్పాను, ఎక్కలేదు. ఆ బల్ల దగ్గర కూచుంటే ఎవరిదైనా వింటాడు కదాని వెళ్ళాను."

"విన్నారా మరి? ఏం కావాలంది?"

"వెలుగు," అన్నాడు అన్నయ్య నేల చూస్తూ. "గదితో పేచీ లేదంది."

"ఇందులో గది ఆపమని ఉందేం?"

"అర్జీల్లో అలాగే రాస్తారు."

ఆఫీసరమ్మ మంచినీళ్ళ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తాగింది.

తర్వాత మాట్లాడింది వదినే. పిల్లకి కావలసింది చీకటి, ఈవిడకి కావలసింది వెలుగు, దీనికి ఏడాది గుసగుసలెందుకు అంది. ఉమ్మడి గోడ ముట్టుకోవద్దు. సందు వదిలి గది గోడ వేరే కట్టుకుందాం, అటువైపు కిటికీ వద్దు, కప్పు అటు వాలుగా దింపి గోడకి తెల్ల సున్నం వేస్తే వెలుగు తిరిగి అక్క కిటికీలోనే పడుతుంది. రఫ్ఫక్క మోచెయ్యి బల్ల మీద ఆనించి కొలిచింది. "మూర చాలదు. మూరన్నర వదులు."

"అప్పుడు బీరువా పట్టదు," అన్నాడు అన్నయ్య.

"బీరువాకి నిద్ర అక్కర్లేదు," అంది వదిన.

ఒప్పందం అక్కడే రాసుకోమంది ఆఫీసరమ్మ. రాసేది ఎవరు, ఆయనే. రఫ్ఫక్క అడగకపోయినా, చెయ్యి ఊరుకోక, "ఏటా సున్నము వేయవలెను, కూలీ దొరకలేదను సాకు చెల్లదు" అని గడియ పెట్టాడు. "వేయవలెను" ముందు "అన్నయ్య స్వయముగా" అన్న మాట మాత్రం వదిన చెప్పి రాయించింది.

గది లేచింది. మంచం పడితే తలుపు సగమే తెరుచుకుంటుంది, పిల్ల కాళ్ళవైపు నుంచి మంచమెక్కుతుంది. ఎక్కిందంటే సాయంత్రం దాకా లేవదు. ఆ గది చేరిన మొదటిరోజు వదిన కుక్కరుని ఐదు కూతలు వెయ్యనిచ్చింది, అవసరం లేకపోయినా.

ఇంక సున్నం. మొదటి రెండేళ్ళూ సాఫీగానే జరిగింది. కానీ సందు మూరన్నరే, మా అన్నయ్య బొజ్జ ఆ కొలతలకి కట్టుబడి ఉండలేదు. మూడో ఏడాది బక్కెట్టుతో సగం దాకా దూరి, పైకి చెయ్యెత్తి, అక్కడే బిగుసుకుపోయాడు. వెనక్కి రాలేడు, ముందుకి పోలేడు. కేకెయ్యడానికి లేదు, గోడ అవతల పిల్ల పడుకుని ఉంది.

"అక్కయ్యా," అన్నాడు గుసగుసగా.

రఫ్ఫక్క కిటికీలోంచి చూసింది. దారం తడిచేసి సూదిలోకి ఎక్కించింది.

"మీ ఆవిణ్ణి పిలుస్తాన్లే," అంది, తనూ గుసగుసగానే. "ఈలోగా ఆ పైమూల మిగిలిపోయింది చూడు. ఎలాగూ ఉన్నావు కదా."

అన్నయ్య కుంచె ఎడం చేతిలోకి మార్చుకున్నాడు.