తొమ్మిదో నంబరు ఇల్లు

అప్పట్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, భయమనేది పని రానివాళ్ళకే ఉంటుందని నా నమ్మకం. (ఇప్పుడు పని వచ్చు, భయమూ ఉంది.) అరకు దగ్గర కొండ మీద రైతుల కాఫీ గింజలు ఆరబెట్టే వేడిగాలి మిషనుకి ప్రోగ్రాం రాసింది నేనే. సెన్సర్లు పంపే రీడింగులను డెక్ అనే రకం వరుసలో దాచాను: కొత్తవి వెనక చేరతాయి, పాతవి ముందునుంచి పోతాయి. వాటి సగటు తీసే ఫంక్షన్ ఏ రకం వరుసకైనా పనికొస్తుందని మహా గర్వం. వేగం కోసం ఒక తెలివి ఉపయోగించాను: మొదటి రీడింగు మెమరీలో ఎక్కడుందో పట్టుకుని, మిగతావన్నీ దాన్ని ఆనుకునే ఉంటాయని చకచకా నడుచుకుంటూ పోవడం. ఆఫీసులో పిడికెడు రీడింగులతో చూస్తే బ్రహ్మాండంగా నడిచింది.

కొండ మీద, ప్రోగ్రాం నడిపించడానికి నేను వెళ్ళిన, మంచు కమ్మిన ఉదయం, మిషను నిండా ఊరి పంట. స్క్రీన్ మీద వేడి తగ్గుతూ తగ్గుతూ సున్నా దగ్గరికి దిగింది. ప్రోగ్రామేమో చలేస్తోందనుకుని మంట పెంచుతూ పోయింది. మిషను చూసుకునే అక్క ముక్కెగబీల్చి, "బాబూ, ఏటిది, ఏపుడు వాసనొత్తంది!" అంది. నుదుటి చెమట తుడుచుకుంటూ, "మీరే ఏదో బటన్ నొక్కి ఉంటారు," అన్నాను. (ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.) ఆమె ప్రోగ్రాం ఆపి, మంట చేత్తో తగ్గించింది. పూర్తిగా ఆపితే తడిగింజ బూజు పడుతుంది, వదిలేస్తే మాడుతుంది. చేత్తో నడపాలంటే లోపల వేడెంతో తెలియాలి. "పాత తర్మామీటరు మా తోటికోడలింట్లో ఉంది. మాది ఎనిమిదో నంబరు, ఆళ్ళది పక్కిల్లే, తొమ్మిది. బేగెల్లు!" అంది.

పరిగెత్తాను. గోడ మీద ఎనిమిది కనబడింది. ఎనిమిది పక్కన తొమ్మిది ఉండక ఎక్కడికి పోతుంది? గోడ పట్టుకుని మంచులోకి నడిచాను. గోడ అయిపోయింది. ఇంకో అడుగు వేశాను, నేల కూడా అయిపోయింది. జారి జారి ఓ మిరియాల తీగను కావలించుకుని ఆగాను. కాళ్ళ కింద ఏముందో మంచు చూపించలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం చాలా కిందనుంచి వచ్చింది. ముందు మేనేజర్నీ, తర్వాత అమ్మనీ తలుచుకున్నాను. (భయంలో వరుసలు తెలియవు.) "తొమ్మిదో నంబరెక్కడండీ?" అని కేకేస్తే, ఎదుటి కొండ మీదనుంచి ఆడగొంతు పలికింది: "ఇదే! గెడ్డ దాటి రావాల. నువ్వేటి, ఆకాసంలోంచి వత్తన్నావా?"

వేలాడుతూనే నా తప్పు నాకు తెలిసింది. ఎనిమిది తర్వాత తొమ్మిదే, వరుసలో పొరపాటు లేదు. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు, ఉందంతే. డెక్ కూడా అలాగే, పైకి ఒకే వరుస, లోపల వేరువేరు చోట్ల ముక్కలు. ఆఫీసు రీడింగులు ఒక్క ముక్కలో సరిపోయాయి. వరుసలో దారి చూపే ఇటరేటర్‌ను అడిగి ఉంటే గెడ్డ దాటించేది. నేను దాన్ని వదిలేసి, ఉత్త అడ్రసు పట్టుకుని అంచు దాటాను. స్క్రీన్ మీద వేడిని దించిన సున్నాలు అక్కడివే. "కంటిగ్యువస్ ఇటరేటర్లే రావాలి", అంటే ఆనుకుని ఉన్న వరుసలే రావాలి, అని ఫంక్షన్ గుమ్మంలో ఒక్క షరతు పెట్టి ఉంటే కోడ్‌ను నడిపే ముందే తనిఖీ చేసే కంపైలరే నన్ను ఆఫీసులో ఆపేసేది.

తోటికోడలు దిగొచ్చి, నన్నూ థర్మామీటరునూ పైకి చేర్చింది. పంట దక్కింది కానీ, కింది ట్రే అప్పటికే నల్లబడింది. అది అక్క తోటదే. "తప్పు మీది కాదక్కా, నాదే," అన్నాను. "తెలుసులే. ఈ సలిలో నీకు సెమటలు పట్టినప్పుడే తెలిసింది," అని, ఆ మాడిన గింజలు దంచి డికాషన్ కాచి గ్లాసు చేతిలో పెట్టింది. "తాగు. నీ పోగ్రామే."

చుక్క మిగల్చకుండా తాగాను.

ఇప్పుడు కుర్రాళ్ళ కోడ్ చూడటం నా పని. ఎవరైనా మొదటిదాని అడ్రసు పట్టుకుని ముందుకు నడవబోతే, నేను నోరు తెరవకముందే బల్ల కింద నా కుడికాలు వెనక్కి వచ్చేస్తుంది. ఆ కాలికున్న బుద్ధి, అప్పట్లో నా మొత్తానికీ లేదు.