అనంతగిరి కొండల్లో పులుల రక్తపరీక్ష

నేను అనంతగిరి బయలుదేరింది కాఫీ తోటలు చూడడానికి. మా చెల్లెలు పద్మజ నన్ను వెంటబెట్టుకున్నది ఐస్ పెట్టె మోయించడానికి. ఈ సంగతి బస్సు ఘాట్ రోడ్డెక్కాక గాని నాకు తెలియలేదు. తరతరాలుగా వచ్చే రక్తలోపాల మీద పరిశోధన దాని పని. సికిల్ సెల్ అనే జబ్బులో రక్తకణాలు కొడవలిలా వంగిపోయి ఒళ్లంతా నొప్పులు పెడతాయి. అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలియాలంటే కుటుంబమంతా రక్తం ఇవ్వాలి.

విశాఖలో తెల్లవారుజామున ఎక్కితే ఎనిమిదిన్నరకు అనంతగిరిలో దిగాం. అక్కడినుంచి షేర్ ఆటో, మనిషికి నలభై. రోడ్డు అయిపోయిన చోట దింపేసి, "దగ్గరేనమ్మా, బేగి ఎల్లిపోతారు" అన్నాడు డ్రైవరు. పెట్టె మోసుకుంటూ గంట నడిచాను. ఆ గంటలో డ్రైవర్ని, చెల్లెల్ని, జన్యుశాస్త్రాన్ని కలిపి తిట్టుకున్నాను.

ఊళ్లో బడి వరండాలో పరీక్షలు. మొదట వచ్చింది బుద్రమ్మ అనే పెద్దావిడ కుటుంబం. మనవరాలికి ఎప్పుడూ కీళ్లనొప్పులు. కోడలు లలిత తల వంచుకుని పిల్ల మోకాళ్లు రుద్దుతోంది.

"నేను పుట్టింది కిల్లోలింట, అంటే పులి వంశం. దీని పుట్టిల్లు వంతల, అంటే పాము. ఇసం ఎవులు తెచ్చినారో ఏరే సెప్పాలేటి? దీన్ని పంపీసి నా కొడుక్కి ఏరే సంబంధం సూత్తాను" అంది బుద్రమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది.

వేలు పొడిచి, ఒక చుక్క రక్తాన్ని గొట్టంలోని మందునీళ్లలో కలిపి, వెనక నల్లగీతల అట్ట పెడతారు. గీతలు కనబడితే మంచిదే. నీళ్లు మసకబారి గీతలు కనబడకపోతే లోపం ఉన్నట్టు. పిల్లది, లలితది, ఆమె భర్తది, మూడూ మసకబారాయి.

"నా కొడుక్కి పెళ్లాం దగ్గిర అంటుకున్నాది" అని తేల్చేసింది బుద్రమ్మ.

"అంటుకోదమ్మా. కన్నవాళ్ల నుంచే రావాలి. మీ అబ్బాయికి నాన్న లేరు కాబట్టి మీరివ్వండి" అంది పద్మజ.

బుద్రమ్మ పక్కింటి అప్పన్నను ముందుకు తోసింది. "ఈడూ కిల్లోయే. పులోళ్లందరం ఒక తల్లి పిల్లలం. ఈడిది తీసీండి, నాది తీసినట్టే."

ఇక్కడ ఒక వంశంవాళ్లంతా అన్నాచెల్లెళ్లే, వాళ్లలో వాళ్లు పెళ్లాడరు. ఆ లెక్కన ఆవిడ మాట సబబే. వేడుక చూడ్డానికి వచ్చిన అప్పన్న వేలు పొడిపించుకున్నాడు. గీతలు తళతళా కనిపించాయి.

"సూసినారా పులి రక్తం?" అంది బుద్రమ్మ.

"వంశం పెళ్లిళ్లకి పనికొస్తుంది గాని పరీక్షకి పనికిరాదు. మీ ఫలితం లోపల విడిగా చెబుతాను, వేలివ్వండి" అంది పద్మజ.

"దాసీదేటున్నాది? అందరి ముందరే సెప్పు."

రక్తం కలిపి కాసేపాగగానే బుద్రమ్మ గొట్టం లాక్కుని ఎండకు ఎత్తి పట్టింది. "అదిగో, గీతలు కనిపిత్తన్నాయి."

అట్ట ఇంకా పద్మజ చేతిలోనే ఉంది. అప్పన్న ముందు నవ్వాడు, తరవాత వరండా అంతా నవ్వింది, చివరికి లలిత కూడా. అట్ట వెనక పెట్టి చూస్తే ఒక్క గీతా లేదు.

తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తేనే పిల్లకు జబ్బవుతుందని, మాత్రలున్నాయని పద్మజ నిదానంగా చెప్పింది. బుద్రమ్మ పిల్లను తన ఒళ్లోకి తీసుకుని మోకాళ్లు రుద్దుతూ, "నా సొత్తు కూడా నీ నెత్తినే పెట్టీసినానే గుంటా" అంది కోడలితో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మనం పెళ్లికి ఇంటిపేర్లు, గోత్రాలు, నక్షత్రాలు అన్నీ చూస్తాం. ఒక్క రక్తపు చుక్క చూడమంటే మాత్రం పక్కవాణ్ణి తోస్తాం. అటు వెళ్లేవాళ్లకు ఒక సలహా: సాయంత్రమైతే ఆటోలు దొరకవు, మూడింటికల్లా రోడ్డు మీదికి వచ్చేయండి.

మమ్మల్ని రోడ్డు దాకా దింపడానికి వచ్చిన లలితను, "ఇంక మీ అత్త నిన్ను పుట్టింటికి పంపదుగా?" అని అడిగాను.

"పంపుతాదంటమ్మా, వారం రోజులకి. తనూ వత్తాదంట."